బాయి నీళ్ళతోని కాచిన మందు

మళ్ళ గదే ముచ్చట. వచ్చిన కాంచి చూస్తున్న, మీటింగు మీటింగు అని నా పానం తీస్తున్నవు. ముందుగాల కూసో బిడ్డా. గా కుర్సీ వద్దు, దాని కాలు ఊగుతది. ఇగో, పీట ఏసిన. కంచం ముంగటికి జరుపుకో.

పప్పు పోసిన, చింతకాయ తొక్కు ఏసిన. కారం ఎక్కువైతే చెప్పు, పెరుగు తెస్త. మీ దిక్కోళ్ళు కారం తింటరని పేరే గని, పోయినసారి మా తొక్కు నాలిక మీద పెట్టుకొని కండ్లల్ల నీళ్ళు తెచ్చుకున్నవు. నాకు యాదికున్నది.

ఏందీ? మా పొలం బియ్యమేనా అంటవా? తిను ముందు. మాటలు తర్వాత.

నేను కంది ఊరికి, నీ మీటింగుకు రానని ఎప్పుడన్న? రానన్లే. మైకు పట్టుకొని ఏం చెప్పాలె అంటున్న. నువ్వేమో సులువుగ చెప్తవు. "దేవమ్మ గారూ, మారేడాకు కషాయం కొడితే మీ వరికి అగ్గితెగులు తగ్గింది కదా, అదే రైతులకు చెప్పండి" అని. తగ్గింది, నిజమే. నువ్వు అబద్ధం ఆడుమంటలేవు. గని సగం నిజం చెప్పి కూసుంటే మిగిలిన సగం నన్ను ఊకుంటదా?

గారూ అనకు అని ఎన్నిసార్లు చెప్పిన. మా ఊర్ల నన్ను గారూ అన్నోళ్ళు ఓట్లు అడుగనీకి వచ్చినోళ్ళే.

నువ్వు మొదలు వచ్చిన్నాడు నేనేమన్న ఎరుకేనా? పట్నం పిల్ల మనకు ఆకులు అలుములు నేర్పొచ్చింది అన్న. నీ ముంగట కాదులే, నీ వెనక. మీ నాయిన గా సముద్రం దిక్కు నుంచి ఫ్యాక్టరీ నౌకరికొచ్చి ఈడ్నే నిలిచిండు, నువ్వు ఈడ క్వార్టర్ల పుట్టి పెరిగినవు, అయినా నీ మాట మా మాట కాకపాయె. వీరలక్ష్మి అని పేరు చెప్పినవు. నీ వెంట మీ సంస్థ జీపు, జీపుల ఆకుల బొమ్మలు. నాకు నవ్వొచ్చింది.

గని నువ్వు చెప్పులిడిచి మడిల దిగినవు. గది నచ్చింది నాకు. ఆకు తెంపి ఎండకు పట్టి చూపిచ్చినవు. కండ్ల లెక్క మచ్చలు, నడుమ బూడిద రంగు, చుట్టూ ఎర్రటి అంచు. గిది బూజు దేవమ్మా అన్నవు. కంటికి ఆనని బూజు, ఆకు లోపల్లోపల పాకుతది, వదిలేస్తే ఎన్ను మెడ కాడ విరుస్తది అన్నవు. తులసిల, మారేడుల ఒక సత్తువ ఉన్నది, గది ఆ బూజును పెరగనియ్యదు అన్నవు.

నేను ఎందుకు విన్న ఎరుకేనా? నీ మాట తియ్యగుందని కాదు. నాకు వేరే దిక్కు లేకుండె.

నా కొడుకు సోమయ్యను చూసినవు గద. కాజీపల్లిల కంపెనీల డ్రమ్ములు ఎక్కిచ్చే పని. మా చుట్టూ పొలాలోళ్ళు ఒకరెనక ఒకరు నాట్లు బంద్ పెట్టిన్రు. పెద్ద మడి ఒక్కటే మిగిలింది, గదీ నా మొండితనానికి. వాడు ఏండ్ల సంది ఒక్కటే పాట. "బాయి చచ్చిపోయిందమ్మా, ఇగ ఏం పండదు, షెడ్డు కట్టెటోళ్ళు పొలం అడుగుతున్రు, ఇచ్చేద్దాం." నాది ఒక్కటే జవాబు. "బాయి మంచిగనే ఉన్నది రా. రోగం తగిలి పంట పోతున్నది. రోగం పోతే పంటొస్తది."

గీ ఒక్క మాట మీద తల్లీకొడుకులం ఎంత కొట్లాడినమో గోడలకెరుక. ఆఖరికి గీ వానకాలం మాట పెట్టుకున్నం. పెద్ద మడి పండితే వాడు షెడ్డు ముచ్చట ఎత్తొద్దు. పండకపోతే నేను నోరెత్తొద్దు.

గా బాయి నేను తవ్విన బిడ్డా. నేను, మా ఆయన ఎల్లయ్య, మా అత్త. కూలోళ్ళను పెట్టలే. ఆయన గడ్డపారతోని లోపల, నేను తట్ట మోసుకుంట మెట్ల మీద, మా అత్త గడ్డ మీద. బండ తగిలిన్నాడు ఆయన లోపట్నే కూసొని ఏడ్చిండు. మర్నాడు బండ పక్క నుంచి ఊట దుంకింది. గా నీళ్ళు దోసిట్ల పట్టి మా అత్త మొదలు నాకే తాగిచ్చింది. ఆయన పోయిండు, అత్త పోయింది. బాయి ఉన్నది.

ఏమన్నవు? అన్నం కమ్మగున్నదా? ఉంటది, ఉంటది. ఇంకింత పెట్టుకో.

అవ్, నువ్వు ఆకు ఇయ్యాల్నే తెంపుదామని ఉరుకులాడిన రోజు సోమారం. సోమారం నాడు మారేడాకు తెంపుతరా ఎవలన్న? శివుని ఆకు. నేను ఆపిన. నువ్వు మొకం ముడుచుకున్నవు. బుధారం పొద్దున నేనే పోయి గుడి ఎనక చెట్టు కాడ దండం పెట్టి, సామీ, నీ పూజకు కాదు నా మడికి అని చెప్పి గంపెడు తెంపిన. తులసి మా వాకిట్లదే.

నువ్వు అన్ని విడమర్చి చెప్పినవు. ఎంత ఆకు, ఎట్ల దంచాలె, ఎంత మరగాలె, ఎట్ల వడగట్టాలె. ముందుగాల ఒడ్డు పక్కన ఒక చెక్కల, గదే చిన్న మడి ముక్కల, కొట్టి చూడమన్నవు. నీళ్ళు శుభ్రంగ ఉండాలె అని గూడ చెప్పినవు. చెప్పలేదని అన్లే నేను. నువ్వు చెప్పినవు.

గని మా అత్త నీకంటె ముందుగాల చెప్పింది గద.

మా ఇంట్ల పద్ధతి ఒకటున్నది. ఏ మడికి మందైనా గా మడి బాయి నీళ్ళల్లనే కలపాలె. విత్తనం నానబెట్టినా, పసురానికి గొంతు వాస్తే కషాయం పోసినా, గా బాయి నీళ్ళే. నాటుకు ముందు బాయి గడ్డకు పసుపు కుంకుమ పెట్టి మొదటి బొక్కెన మడిల పోయాలె. పరాయి నీళ్ళు తెస్తే బాయి అలుగుతది అనేది మా అత్త. నేను కాపురానికొచ్చిన కాంచి గీ మాట తప్పలే.

నవ్వకు. మీ ఇంట్ల గూడ ఏదో ఒకటి ఉంటది.

గా నీళ్ళు మేం తాగుతలేం, నిజమే. కంపెనీల మురికి భూమిల దిగినంక తాగుడు బంద్ చేసి ఎన్నేండ్లాయెనో. తాగనీకి టాంకర్ వస్తది. బాయి నీళ్ళతోని కాళ్ళు కడిగితే దురద పెడ్తది, బట్టలు ఉతికితే పసుపు పడ్తది. అయినా మడికి పోసినం. మనిషికి పనికిరాని నీళ్ళు చెట్టుకు పనికొస్తయనుకున్నం. చెట్టు నోరు తెరిచి చెప్తదా? వానలు మంచిగ పడుతుండె, మడిల వాన నీళ్ళే ఎక్కువ, గందుకే నాటు నిలిచింది. నేనేమో చూసినవా బాయి సత్తువ అని సోమయ్య ముంగట మీసం దువ్విన.

బాయి నీళ్ళు గంజుల పోసి, ఆకు ఏసి, పొయ్యి మీద పెట్టిన. మరుగుతుంటే ఆకు వాసన రాలే. ఇంకేదో వాసన, దవాఖాన్ల వచ్చే వాసన. కొంగు ముక్కుకడ్డం పెట్టుకున్న. మారేడాకు మరిగితే గిట్లనే ఉంటదేమో అనుకున్న. నేనెన్నడన్న మరగబెట్టిన్నా, నాకేమెరుక? నీళ్ళు సగం అయిపోయేదాక మరగనిచ్చిన. ఉన్న విషమంత చిక్కబడ్డది. గిది గిప్పుడు అంటున్న, గప్పుడు తెల్వదు.

చల్లార్చి, వడగట్టి, డబ్బాల పోసుకొని ఒడ్డు పక్క చెక్కల కొట్టిన.

మర్నాడు పొద్దెక్కి అంబటాల్లకు పోయి చూస్తే గా చెక్క కాలిపోయింది. మచ్చలు కాదు, కొసలు మొత్తం తెల్లగ ఎండినయి. పక్కన మందు కొట్టని వరే నయమున్నది. నా కాళ్ళు మడిల్నే దిగబడ్డయి బిడ్డా. బయటికి గుంజనీకి చాతగాలే.

ఊరు నవ్వింది. మా ఎదురింటి పుష్పమ్మ అయితే శివుని ఆకు పొయ్యిల పెడితే ఊకుంటడా అన్నది. నేను నమ్మిన. ఎవరినన్న అనాలె గద, శివుణ్ణి అనలేక నిన్ను అన్న. పట్నం పిల్ల నా మడి తగలబెట్టిందని నడి బజాట్ల అన్న. నువ్వు గా వారం వచ్చి అరుగు మీద ఎంతసేపు కూసున్నవు. తలుపెనక నేనున్న, నీకెరుకనే. నువ్వు తలుపు కొట్టకుంట పోయినవు. గది నన్ను ఇంక కాల్చింది.

సోమయ్య వచ్చి కాలిన చెక్క చూసి డ్యూటీకి పోయిండు.

మిగిలిన మడిల రోగం పాకుతనే ఉన్నది. దుకాణం మందు తెచ్చి కొట్టిన, తగ్గలే. గదీ బాయి నీళ్ళల్లనే కలిపిన మరి. పోయినేడు గూడ గట్లనే కలిపినం, తగ్గకపోతే నకిలీ మందని దుకాణపాయనను తిట్టొచ్చిన. పాపం ఆయన.

గప్పుడు మా చెల్లె ఇందిరమ్మ కబురంపింది. కంది కాడ ఇచ్చినం గద ఆమెను. నువ్వు ఆమెకు గూడ గీ మందే చెప్పినవంట. పోయి చూసిన. వరి పచ్చగ ఉన్నది. పాత మచ్చలు ఉన్న కాడ్నే ఎండినయి, కొత్త ఆకు మీద ఒక్కటి లేదు. అదే మారేడు, అదే తులసి, అదే కొలత. మరి శివునికి నామీదనే కోపం ఎందుకొచ్చె?

చెల్లె ఒక డబ్బాల కషాయం పోసిచ్చింది. బస్సుల ఒళ్ళె పెట్టుకొని తెచ్చిన. కండక్టర్ కల్లు అనుకున్నడు, మూత తీయిచ్చి వాసన చూసి మొకం తిప్పిండు. ఇంటికి పోకుంట సీదా మడికి పోయి ఇంకో చెక్కల కొట్టిన. గా చెక్కల రోగం ఆగింది.

ఇగ చాలదా? బుద్ధున్నోళ్ళకు చాలు. నాకు చాలలే. మా చెల్లె చేతి వాసి మంచిది, గందుకే పట్టింది అనుకున్న. నీళ్ళు అనే మాట నా గొంతు దాక వస్తుండె, మింగుతుండిన.

ఆఖరికి ఒకనాడు టాంకర్ వచ్చింది. నా వంతు బిందెలు నింపుకొని వచ్చిన. పొయ్యి ముంగట నిలబడ్డ. బిందెలెత్తి గంజుల కుమ్మరిచ్చిన. కోడలు కమలాకుమారి చూసి, అత్తా గవి తాగే నీళ్ళు అన్నది. ఎరుకనే అన్న.

పుష్పమ్మ ఊకుంటదా? వాకిట్ల నిలబడి ఊరంత వినేటట్టు అన్నది. "మేం గుటకెడు నీళ్ళు దాసుకొని బతుకుతుంటే నువ్వు చెట్లకు పోస్తవా? దూప అని నా గడప తొక్కు, చెప్త." నా వంతు నీళ్ళు, నా ఇష్టం అన్న. తొక్కలే ఆమె గడప. గా దినమంత నాలిక తడారిపోయి గోడకానుకొని కూసున్న. కోడలు తన గిలాస తెచ్చిస్తే తాగలే.

పొద్దుగూకే ముందు బాయి కాడికి పోయిన. గడ్డ మీద చెయ్యి పెట్టి చెప్పిన. తల్లీ, పరాయి నీళ్ళు తెచ్చిన, గీ ఒక్కసారికి అలగకు అని. మా ఆయనకు గూడ చెప్పిన. అత్తకు మాత్రం చెప్పలేకపోయిన.

మందు కొట్టిన. తర్వాత మళ్ళ టాంకర్ నీళ్ళే, మళ్ళ మందు. పుష్పమ్మతోని మాటలు బంద్.

పట్టింది బిడ్డా. ఆకు తేరుకున్నది. ఎన్ను బయటికొచ్చింది, మెడ విరగలే. పెద్ద మడి మొత్తం తల వంచుకొని నిలబడ్డది. నేను ఒడ్డు మీద కూసొని ఒక్కదాన్నే నవ్విన. ఎవలన్న చూస్తే పిచ్చి లేసిందనుకుందురు. సోమయ్య డ్యూటీ దిగొచ్చి, బండి ఆపి, ఒడ్డెంబడి ఆ కొస దాక నడిచిండు. తిరిగొచ్చి, "గెలిచినవు అమ్మా" అన్నడు. నా జన్మల గంత సంబురం ఎన్నడు లేదు.

ఇంటికొచ్చి గదే ముచ్చట కోడలికి చెప్తున్న. గా పిల్ల చాటల బియ్యం చెరుగుకుంట, తల ఎత్తకుంట, ఊకనే అన్నది. "బాయి నీళ్ళల్ల కాస్తే కాలె, టాంకర్ నీళ్ళల్ల కాస్తే బతికె, అంతే గద అత్తా."

అంతే గద.

సోమయ్య కాళ్ళు కడుక్కుంటున్నడు, చెంబు పట్టుకొని ఆగిపోయిండు. వాడు పెండ్లం దిక్కు చూసిండు, నా దిక్కు చూడలే. వాడికి ముందే తెలుసు. నాకూ తెలుసు. ఎవ్వరం అనకపోతే ఇంకొన్ని దినాలు గెలిచినట్టే ఉండేదాన్ని. కోడలి తప్పేమున్నది, ఉన్న మాటన్నది.

చూసినవా, ఏమైందో. రోగం, రోగం అని నేను రోగం చాటుకు దాక్కున్న. పంట పోతే రోగం, గింజ తాలైతే రోగం. నువ్వొచ్చి రోగానికి మందు చెప్పినవు. రోగం పోయింది. ఇగ నేను ఎవరి మీద పెట్టాలె? నీ మందు పని చేయకపోతే నా బాయి ఇంకో రెండేండ్లు బతుకుతుండె, కనీసం నా నోట్ల.

లేదు లేదు, నిన్ను అంటలేను. ఎందుకట్ల మొకం పెడ్తవు? మజ్జిగ పోసుకో.

గంతటితోని అయిపోయిందా అంటే, కాలే. గింజ గట్టిపడే కాలానికి వానలు బంద్ అయినయి. మడి నెర్రెలిడుస్తున్నది. ఇగ బాయి మోటరే దిక్కు. బిందెలతోని పెద్ద మడి పారుతదా? స్విచ్చి మీద చెయ్యి పెట్టి నేనే ఆగిన, సోమయ్యను ఎయ్యమన్న. వాడు నువ్వే ఎయ్యి అన్నడు. ఎండబెట్టాల్నా, గా నీళ్ళే తాపాల్నా? చేతికొచ్చిన పంట బిడ్డా, కండ్ల ముంగట ఎండనియ్యనీకి నా పానం ఒప్పలే. ఏసిన.

ఆకు మీద కొట్టింది మంచి నీళ్ళ మందు. వేర్లు తాగింది బాయి నీళ్ళు. నీ మారేడాకు బూజును ఆపింది, ఒప్పుకుంట. గింజల లోపలికి ఏం పోయిందో గది ఆపుతదా? నీ జీపుల గా బొమ్మ ఉన్నదా?

తెల్వదా. నాకూ తెల్వదు. ఏం లేకపోవచ్చు గూడ. మంచిగనే ఉండొచ్చు. బియ్యం చూస్తే తెల్లగ, నిండుగ ఉన్నయి.

అవ్, కోసినం, కొట్టినం, గిర్నిల బియ్యం పట్టిచ్చినం. గదిగో, గా మూలకు కట్టిపెట్టినయి గవే. సోమయ్య మార్కెట్ల అమ్ముదామా అన్నడు. మనమే ఇంక ముట్టనివి మందికి ఎట్ల అమ్ముతం రా అన్న. షెడ్డు ముచ్చట వాడు ఎత్తలే, మాట మీద నిలబడ్డడు. నేనే అన్న, ఇచ్చెయ్ రా అని. వాడు సంబురపడ్తడనుకున్న. బయటికి పోయి తుడిచిన బండినే మళ్ళ మళ్ళ తుడుచుకుంట నిలబడ్డడు.

కందికి వస్త. నువ్వు జీపు పంపకు, బస్సుల వస్త. మారేడాకు మంచిది, తులసి మంచిది, అగ్గితెగులు ఆగుతది అని చెప్త, ఒట్టు. మా చెల్లె ఊరోళ్ళు నమ్ముతరు, వాళ్ళ నీళ్ళు ఇంక మంచిగున్నయి. గని మా దిక్కు నుంచి ఎవరన్న వచ్చి, ఏ నీళ్ళతోని కాచినవు దేవమ్మా అంటే గదీ చెప్త. గప్పుడు మైకు గుంజుకోకు. చెప్పిన్నాడు మా ఊర్ల మిగిలిన నాలుగు బాయిలోళ్ళు నన్ను తిడ్తరు. తిట్టనీ, నేను నిన్ను తిట్టలేదా.

ఏంది, ఆగినవు? ముద్ద చేతుల పట్టుకొని గా మూల దిక్కు ఎందుకు చూస్తున్నవు?

మా ఇంట్ల ఇంకో పద్ధతి ఉన్నది. కొత్త బియ్యం వండితే మొదలు బయటి మనిషికి పెట్టి గప్పుడు మేం తినాలె. గీసారి గా మనిషివి నువ్వే అని కోతలప్పుడే అనుకున్న. నీ కోసమే ఆగినం. పొద్దున మూట విప్పి చాటల పోసుకున్న. కడగనీకి నీళ్ళు గూడ పోసిన. నువ్వు పప్పు కలుపుకొని తింటుంటే ఎట్లుంటదో ఒక్కసారి కండ్ల ముంగట చూసుకున్న. నీళ్ళు ఒంపి, బియ్యం ఎండబోసి, మూట మళ్ళ కట్టిన.

నువ్వు తింటున్నవి రేషన్ దుకాణంల తెచ్చిన కంట్రోల్ బియ్యం. ఎసరు టాంకర్ నీళ్ళు. భయపడకు, తిను బిడ్డా. గా కంచంల మా పొలంది ఒక్క మెతుకు లేదు.